ఒక ఫ్రేములో రెండు క్షణాలు

వేగావతీ తీరాన ఉన్న సాలూరు లారీల ఊరు. ఒడిశాలోని కొరాపుట్ వైపు కొండదారి ఎక్కే వాహనాలకు ఇది మజిలీ. లారీ రవాణా, లారీలకు బాడీలు కట్టే పని ఇక్కడ ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. 2022 ఏప్రిల్ వరకు విజయనగరం జిల్లాలోనూ, అప్పటి నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోనూ ఉన్న ఈ పట్టణంలో నా పూర్వవిద్యార్థి ఒకడు వీడియో ఎడిటింగు దుకాణం నడుపుతున్నాడు. పాత పెళ్ళి టేపులను కంప్యూటరులోకి ఎక్కించి ఇవ్వడం ఇప్పుడు అతని ముఖ్యమైన పని. దృశ్యాలపై వేసే తెలుగు శీర్షికలలో తప్పులుంటే దిద్దమని ఒకనాడు నన్ను పిలిచాడు.

తెర మీద 2003 నాటి పెళ్ళి ఊరేగింపు నడుస్తోంది. పూలదండలు కట్టిన లారీ ఎడమ నుంచి కుడికి మెల్లగా కదులుతోంది. దాని పక్కన తలపాగా చుట్టుకొన్న ఒక వృద్ధుడు నాలుగు సెకండ్ల పాటు నడిచి, ఎవరికో నమస్కారం చేసి, తెర దాటిపోయాడు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన నడక కనిపించే దృశ్యం ఆ కుటుంబం దగ్గర ఇదొక్కటే. వారు ఇంతకుముందే మరొక ఊరిలో దీనిని డి.వి.డి.గా చేయించుకొన్నారు. ఆ డి.వి.డి.లో ఆయన ముఖం అంచులు దువ్వెన పళ్ళలా చీలి, ఎత్తిన చేయి రెండు నీడలై కనిపించింది. ఇరవై ఏళ్ళ టేపు, బూజు పట్టి ఉంటుందని ఇంటివారు సరిపెట్టుకొన్నారు. నా విద్యార్థి అసలు టేపును వేసి చూపించాడు. టేపు చెక్కుచెదరలేదు. దానిని చదివిన తీరులోనే దోషమంతా ఉంది.

ఆ దోషం ఎలా వచ్చిందో తెలియాలంటే టెలివిజన్ బొమ్మ పుట్టుక కొంత తెలియాలి.

సినిమా సెకండుకు 24 నిశ్చల చిత్రాలను చూపుతుంది. అయితే 24 సార్లు మాత్రమే వెలిగి ఆరితే తెర మినుకుమినుకుమంటుంది. అందువల్ల ప్రొజెక్టరు రెక్క ఒక్కొక్క చిత్రాన్ని రెండుసార్లు వెలిగించి, కంటికి 48 మెరుపులు అందజేస్తుంది. ఫిల్ము చేతిలో ఉంది కాబట్టి ఒకే బొమ్మను రెండుసార్లు చూపడం సాధ్యమైంది. తొలినాటి టెలివిజన్‌కు ఆ సౌకర్యం లేదు. గాజుగొట్టం లోపల ఎలక్ట్రాన్ కిరణం ఒక్కొక్క గీతనే వెలిగిస్తూ పై నుంచి కిందికి దిగుతుంది. అది అడుగుకు చేరేసరికి పై గీతల వెలుగు తగ్గిపోతూ ఉంటుంది. వచ్చిన బొమ్మను దాచుకొని మళ్ళీ చూపడానికి పెట్టెలో జ్ఞాపకశక్తి లేదు. పోనీ, సెకండుకు 50 పూర్తి చిత్రాలు పంపుదామంటే ప్రసారానికి రెట్టింపు తరంగ విస్తృతి కావాలి.

ఈ చిక్కుకు 1930లో జర్మనీలోని టెలిఫుంకెన్ సంస్థలో ఫ్రిట్జ్ ష్రోటర్, 1932లో అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థలో రాండల్ బల్లార్డ్ ఒకే విధమైన ఉపాయం చూపి పేటెంట్లు కోరారు. మొదట బేసి గీతలను మాత్రమే, తరువాత వాటి నడుమ సరి గీతలను గీయడమే ఆ ఉపాయం. 1936 నవంబరులో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బి.బి.సి. క్రమబద్ధమైన ప్రసారాలు ఆరంభించినప్పుడు రెండు పద్ధతులు పోటీపడ్డాయి. బెయిర్డ్ పద్ధతిలో 240 గీతలు వరుసగా, సెకండుకు 25 సార్లు. మార్కోని-ఇ.ఎం.ఐ. పద్ధతిలో 405 గీతలు, సగం సగంగా, సెకండుకు 50 సార్లు. 1937 తొలినాళ్ళలోనే మొదటిది తెరమరుగైంది.

మన దేశంలో 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. 1977లో హైదరాబాదు కేంద్రం వెలసింది. 1982లో రంగులు వచ్చాయి. మనం స్వీకరించిన ప్రమాణంలో 625 గీతలు, సెకండుకు 25 ఫ్రేములు. ఒక్కొక్క ఫ్రేము రెండు సగాలు. ఈ సగాన్ని ఫీల్డు అంటారు. ఆ లెక్కన సెకండుకు 50 ఫీల్డులు. మన విద్యుత్తు సెకండుకు 50 ఆవర్తనాలతో నడవడం వల్లనే ఈ సంఖ్య కుదిరింది. డిజిటల్ రూపంలో బొమ్మకు పనికివచ్చే గీతలు 576. ఒక్కొక్క ఫీల్డు వాటా 288. ఈ పద్ధతిని ఇంటర్‌లేసింగ్ అంటారు. అల్లిక అన్న మన మాట దీనికి చక్కగా అతుకుతుంది.

పొందూరు ఖద్దరు నేసే మగ్గాన్ని చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. ఒక తొక్కుడుకు పడుగులోని బేసి పోగులు పైకి లేస్తాయి. మరొక తొక్కుడుకు సరి పోగులు లేస్తాయి. నేసినది రెండు విడతలుగానైనా చూపరికి కనిపించేది ఒకే గుడ్డ. టెలివిజన్ చూసేవాడి కన్ను కూడా రెండు సగాలను కలిపి ఒకే బొమ్మగా గ్రహిస్తుంది.

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా పట్టుకోవాలి. కెమెరా పూర్తి ఫొటో తీసి, దానిని తరువాత రెండు ముక్కలు చేయదు. మొదటి ఫీల్డును ఒక క్షణంలో తీస్తుంది. రెండవ ఫీల్డును సెకండులో 50వ వంతు తరువాత తీస్తుంది. ఈ లోపల లోకం ఆగదు. ఘాట్ రోడ్డు దిగి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఆ వ్యవధిలో 20 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. తొమ్మిది మీటర్ల లారీ తెరలో సగం వెడల్పు, అంటే 360 చుక్కల మేర పరుచుకొని ఉంటే, బేసి గీతలకూ సరి గీతలకూ నడుమ 8 చుక్కల ఎడం వస్తుంది. సెకండుకు రెండు మీటర్ల వేగంతో మనిషి చేయెత్తితే 4 సెంటీమీటర్ల తేడా. ఒక ఫ్రేములో ఉన్నవి ఒకే దృశ్యపు రెండు సగాలు కావు. అవి రెండు వేర్వేరు క్షణాలు.

పాత టీవీ ఆ క్షణాలను ఒకదాని తరువాత ఒకటి చూపేది కాబట్టి కంటికి చిక్కు లేదు. కంప్యూటరు తెర ఫ్రేమంతటినీ ఒకేసారి పరుస్తుంది. అప్పుడు రెండు క్షణాలూ గీత విడిచి గీతగా పక్కపక్కన నిలుస్తాయి. దువ్వెన పళ్ళు అక్కడే పుడతాయి. కదలని గోడ మీద అవి కనిపించవు. కదిలే మనిషి మీదనే కనిపిస్తాయి.

ఫిల్ము మీద తీసిన సినిమాలకు ఈ బాధ లేదు. వాటిని మన టీవీ ప్రమాణంలోకి మార్చేటప్పుడు 24 ఫ్రేముల ఫిల్మును 25 వేగంతో నడిపి, ఒక్కొక్క ఫ్రేమునూ రెండు ఫీల్డులుగా పంచుతారు. రెండు సగాలూ ఒకే క్షణానివి కాబట్టి అతుకు కనిపించదు. అయితే 150 నిమిషాల సినిమా 144 నిమిషాలకే ముగుస్తుంది. సవరించకపోతే పాటల శ్రుతి కూడా కొంచెం పెరుగుతుంది. ఈ ప్రాంతంలోనే పుట్టి, ఊరి పేరునే ఇంటిపేరుగా మోసిన సాలూరి రాజేశ్వరరావు గారి బాణీలను అలా పెరిగిన శ్రుతిలో విని, అదే అసలు శ్రుతి అనుకొన్నవారు నాతో సహా ఎందరో ఉండవచ్చు.

మళ్ళీ టేపు దగ్గరకు వద్దాం. 2000 దశకంలో మన పెళ్ళిళ్ళకు విరివిగా వాడినవి మినీ డి.వి. కెమెరాలు. ఆ టేపును ఫైర్‌వైర్ తీగ ద్వారా ఉన్నదున్నట్లు కంప్యూటరులోకి దింపుకోవచ్చు. గంట టేపు సుమారు 13 గిగాబైట్ల చోటు తీసుకొంటుంది. చోటు కోసం దీనిని మొదటే చిన్న దస్త్రంగా కుదించడం పొరపాటు. టేపును నడిపే యంత్రాలు నానాటికీ అరుదవుతున్నాయి. ఈసారి దింపినదే చివరిసారి కావచ్చు.

దింపిన దస్త్రంపై శీర్షికలు, రంగుల సవరణ, చట్రాలు చేర్చడానికి కంపోజిటింగ్ సాఫ్ట్‌వేరును వాడతారు. వీటిలో ప్రసిద్ధమైన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 1993లో కోసా అనే చిన్న సంస్థ నుంచి వెలువడి, ఆల్డస్ చేతి మీదుగా మరుసటి సంవత్సరం అడోబీకి చేరింది. ఈ సాఫ్ట్‌వేరు కొన్ని రకాల దస్త్రాలలోని అల్లికను తనంత తానే గుర్తిస్తుంది. అన్నింటిలో గుర్తించదు. గుర్తించనప్పుడు అల్లిన ఫ్రేమును మామూలు ఫొటోగానే భావిస్తుంది. అందువల్ల దస్త్రాన్ని తెరచిన వెంటనే, మరే పనీ చేయకముందే, దానిని ఎలా చదవాలో చెప్పాలి. ఫైల్ మెనూలోని ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్ అన్న పెట్టె ఇందుకే ఉంది. అందులో సెపరేట్ ఫీల్డ్స్ అన్నచోట రెండు మార్గాలుంటాయి. అప్పర్ ఫీల్డ్ ఫస్ట్ అంటే మొదటి గీతతో ఆరంభమయ్యే సగం ముందటి క్షణానిది. లోయర్ ఫీల్డ్ ఫస్ట్ అంటే రెండవ గీతతో ఆరంభమయ్యే సగం ముందటిది.

డి.వి. టేపులకు లోయర్ ముందు. 1080 గీతల హెచ్.డి. అల్లిక వీడియోకు అప్పర్ ముందు. పాత వి.హెచ్.ఎస్. టేపులు కూడా అల్లికవే. కాని వాటిని దింపిన పరికరాన్ని బట్టి క్రమం మారవచ్చు కనుక పరీక్షించి తీరాలి. పరీక్ష సులభం. సెకండుకు 50 ఫ్రేముల కంపోజిషన్ ఒకటి చేసి, అందులో దస్త్రాన్ని ఉంచి, కదిలే వస్తువు ఉన్నచోట ఒక్కొక్క అడుగే ముందుకు జరపాలి. క్రమం సరిగా ఉంటే లారీ నిలకడగా ముందుకు సాగుతుంది. తప్పితే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రావలసిన క్షణాలు రెండు, ఒకటి, నాలుగు, మూడు అని వస్తాయి. అప్పుడు లారీ ఒక అడుగు వెనక్కి, మూడడుగులు ముందుకు వేస్తుంది. చూసిన మరుక్షణమే తెలిసిపోతుంది.

పదహారవ శతాబ్దంలో పింగళి సూరన రచించిన రాఘవపాండవీయము పేరు మీరు వినే ఉంటారు. అందులోని పద్యాలే రామాయణ కథనూ చెబుతాయి, భారత కథనూ చెబుతాయి. పదాలను ఒక విధంగా విరిస్తే రాముడు, మరొక విధంగా విరిస్తే పాండవులు. పదవిభాగం తెలియకుండా పైపైన చదివినవాడికి రెండు కథలూ దక్కవు, మాటల గజిబిజి మాత్రం మిగులుతుంది. చాలాకాలం కావ్యపాఠం చెప్పినవాణ్ణి కాబట్టి, దువ్వెన పళ్ళ బొమ్మను చూసినప్పుడు నాకు మొదట ఆ కావ్యమే స్ఫురించింది. విరుపు తెలిసిన సాఫ్ట్‌వేరు ఒక ఫ్రేము నుంచి రెండు క్షణాలు తీసి ఇస్తుంది.

విడదీయకుండా పని మొదలుపెడితే ఏమవుతుందో ఆ పాత డి.వి.డి.యే సాక్ష్యం. బొమ్మ చుట్టూ పూల చట్రం పెట్టడానికి ఆ దుకాణంవారు దృశ్యాన్ని 90 శాతానికి కుదించారు. కుదించడమంటే ఇరుగుపొరుగు గీతలను కలిపి కొత్త గీతలు తయారుచేయడం. ఇక్కడ ఇరుగుపొరుగు గీతలు వేర్వేరు క్షణాలవి. కలిసిన తరువాత ఏ గీతలో ఏ క్షణం ఎంత ఉందో తేల్చడం అసాధ్యం. పాలూ నీళ్ళూ వేరుచేసే హంస కావ్యాలలోనే ఉంది. బొమ్మను వంచినా, మసక చేసినా జరిగేది ఇదే. మరొక విచిత్రముంది. విడదీయని బొమ్మను ఒక్క గీత కిందికి జరిపితే చాలు, బేసి గీతలు సరి స్థానాలకు, సరి గీతలు బేసి స్థానాలకు వెళ్ళి క్రమం తలకిందులవుతుంది. శీర్షికకు చోటిద్దామని బొమ్మను మూడు గీతలు కిందికి దించినవాడు లారీ వెనక్కి ఎందుకు నడుస్తోందో తెలియక తల పట్టుకొంటాడు.

దీనితో పాటు చుక్కల ఆకారాన్ని కూడా గమనించాలి. మన పాత టీవీ ప్రమాణంలో 720 చుక్కల వెడల్పు, 576 గీతల ఎత్తు ఉన్న బొమ్మ నాలుగుకు మూడు నిష్పత్తిలో కనిపించాలి. అందుకని ఇక్కడి చుక్క చతురస్రం కాదు. ఎత్తు కన్నా వెడల్పు కాస్త ఎక్కువ. ఇప్పటి ఆఫ్టర్ ఎఫెక్ట్స్ దానిని 1.09గా లెక్కిస్తుంది. ఈ లెక్క తప్పితే మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు.

విడదీసిన తరువాత ఏ వేగంతో బయటికి ఇవ్వాలన్నది తరువాతి ప్రశ్న. చాలామంది అలవాటు కొద్దీ 25 ఫ్రేముల కంపోజిషన్‌లో పనిచేస్తారు. అప్పుడు ప్రతి ఫ్రేము నుంచీ ఒక్క ఫీల్డే వాడుకలోకి వచ్చి, రెండవ క్షణం చెత్తబుట్టలోకి పోతుంది. కదలికలోని నునుపు పోయి, నడక కుదుపుగా తోస్తుంది. వెనుకటి రోజుల్లో టీవీకి పంపే పనిలో చివర ఫీల్డ్ రెండర్ అన్న ఏర్పాటు పెట్టి, రెండు క్షణాలను మళ్ళీ అల్లి ఇచ్చేవారు. నేటి ఫోన్లకు, చదును తెరలకు ఆ అల్లిక అక్కరలేదు. 50 ఫ్రేముల కంపోజిషన్ చేసి, ప్రతి ఫీల్డునూ పూర్తి ఫ్రేముగా విస్తరించి ఇస్తే టేపులోని క్షణాలన్నీ దక్కుతాయి. దృశ్యాన్ని సగం వేగంతో చూపాలన్నా ఈ పద్ధతే మేలు. 50 క్షణాలు చేతిలో ఉన్నప్పుడు నడుమ లేనివి కల్పించవలసిన పని ఉండదు.

నన్ను పిలిచిన పని శీర్షికలది కదా! వాటిలో నాకు తగిలిన మొదటి తప్పు ‘ప్రేమకథ’ను ‘ప్రేమకధ’ అని వ్రాయడం. మన వీధులలో, వెండితెరపై కూడా నిత్యం కనిపించే తప్పే కాబట్టి మందలించబోయాను. అతడు మూల శీర్షికను తెరచి చూపించాడు. అక్షరం సరిగానే ఉంది! చిన్న అక్షరంలో థకారం పొట్టలోని చుక్క ఎత్తు ఒక్క గీత. ఆ శీర్షికను దృశ్యంపై అతికించి బయటికి తీసిన తరువాత, ఎవరో ఆ దస్త్రంలో ఒక ఫీల్డును తొలగించారు. చుక్క ఉన్న గీత పోయింది, థకారం ధకారమైంది. అదే దెబ్బకు ‘పీఠం’ కాస్తా ‘పీరం’ అయ్యింది. ఠకారానికీ రేఫకూ తేడా ఆ చుక్కే మరి.

ఫీల్డును తొలగించకపోయినా, అల్లిక తెరపై సన్నని అక్షరాలకు మరొక ఇబ్బంది ఉంది. ఒక్క గీత మందం ఉన్న అడ్డగీత ఒకే ఫీల్డులో ఉంటుంది కాబట్టి సెకండుకు 25 సార్లు వెలిగి ఆరుతూ వణుకుతుంది. తెలుగు అక్షరాలు గుండ్రనివి. వాటి వంపు పైకొసలోనూ అడుగుకొసలోనూ రేఖ అడ్డంగా పరుచుకొంటుంది. వణుకు అక్కడే పుడుతుంది. అల్లిక వీడియోగా ఇవ్వవలసి వస్తే కాస్త లావుపాటి అక్షరాన్ని ఎన్నుకోవాలి. నిలువు దిశలో అతి స్వల్పంగా మసక చేర్చడం కూడా ఒక ఉపాయం. ముద్రణకు అందంగా ఉన్న అక్షరం తెరకు అందంగా ఉండాలన్న నియమం లేదు.

నా విద్యార్థి ఆ టేపును కొత్తగా దింపి, లోయర్ ఫీల్డ్ ముందు అని చెప్పి, 50 ఫ్రేముల వేగంతో నడిపించాడు. నాలుగు సెకండ్లలో 200 క్షణాలు. వృద్ధుడి చేయి ఒక్కటిగా పైకి లేచింది. తలపాగా అంచు చెదరలేదు. ముఖంలో గీతలు చీలలేదు. మునుపటి డి.వి.డి.లో నీడగా కనిపించినది ఆయన చేతిలోని కండువా అని అప్పుడు తెలిసింది.

తరువాత ఇంటివారు గోడకు తగిలించడానికి ఒక ఫొటో అడిగారు. ఇది వేరే సమస్య. ఒక ఫీల్డు నుంచి తీస్తే 288 గీతలే ఉంటాయి. పెద్దది చేస్తే ముఖం మొద్దుబారుతుంది. రెండు ఫీల్డులనూ కలిపితే గీతలు 576 అవుతాయి గాని కదలిక ఉన్నచోట మళ్ళీ దువ్వెన పళ్ళే. సాఫ్ట్‌వేరులో ప్రిజర్వ్ ఎడ్జెస్ అన్న ఎంపిక కదలని భాగాల అంచులను నిలబెట్టడానికి ఉద్దేశించినదే, కాని నడిచే మనిషి ముఖానికి అది చాలలేదు. అతడు ఆ 200 క్షణాలను ఒక్కొక్కటిగా జరుపుకొంటూ పోయాడు. నమస్కారం ముగిసి, చేతులు దించకముందు, ఆయన ఒక్క లిప్తపాటు నిలబడి కెమెరా వైపు చూశారు. అక్కడ బేసి గీతలలోని ముఖమూ, సరి గీతలలోని ముఖమూ ఒక్కచోటనే ఉన్నాయి. అతడు ఆ ఫ్రేముకు మాత్రం ఫీల్డులను విడదీయడం మానివేసి, 576 గీతలనూ ఉన్నవి ఉన్నట్లుగా ఉంచి ముద్రణకు పంపాడు.